బుల్‌పెన్ నుంచి ఫోన్

టెన్‌బ్రూక్ కాలేజీ బ్యాండులో ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా వాయించే మార్సెల్లా వోస్‌కి ఆ శనివారం ఆట మొదలవకముందే ఒళ్లు మండింది. మండించినవాడు ఆ రోజు ఎదుటి జట్టయిన వైన్‌కాట్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ఆర్విల్ స్ట్రాండ్.

వేసవిలో పిడుగు పడి టెన్‌బ్రూక్ వాళ్ల చెక్క స్టేడియం సగం కాలిపోయింది. అందుకని ఆ ఏడు ఆటలన్నీ ఊళ్లో ఉన్న బేస్‌బాల్ స్టేడియంలో పెట్టారు. బేస్‌బాల్ వాళ్లు సెప్టెంబరులోనే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు కాబట్టి వాళ్ల మైదానం మీద సున్నంతో గీతలు గీసి, రెండు చివరలా గోలు కర్రలు పాతారు. కుదిరీ కుదరని ఏర్పాటు. ఒక చివరంతా గడ్డి లేని ఎర్రమట్టి, వాన పడితే బురద. రెండో చివర గోలు గీత దాటిన మరుక్షణం ఎత్తయిన చెక్కగోడ. ఈ ఆటలో బంతి చంకన పెట్టుకుని ఆ గీత దాటితేనే గోలు. అలా అటు పరిగెత్తినవాడు ఆగాలంటే గోడే ఆపాలి. ఎంతటి మొనగాడైనా అక్కడికొచ్చేసరికి కాళ్లు కాస్త బిగబట్టేవాడు.

బ్యాండుకి ఆ రోజు అతిథి జట్టు కూర్చునే డగౌట్ పక్కనే చోటిచ్చారు. స్ట్రాండ్ టోపీ సర్దుకుంటూ వచ్చి, బ్యాండు మాస్టరు హ్రుస్కాని నిలదీశాడు.

"ఏం మాస్టారూ, ఆ ఈనే గేదెని తెచ్చి నా చెవి పక్కన కట్టేశారేమిటి? నా మాట మా కుర్రాళ్లకి వినపడక్కర్లేదా?" అంటూ ట్యూబా వైపు వేలు చూపించాడు.

హ్రుస్కా మెత్తని మనిషి. మారుమాట లేకుండా బ్యాండు మొత్తాన్నీ లేపి బుల్‌పెన్‌లోకి తోలాడు. బేస్‌బాల్ రోజుల్లో బంతి విసిరేవాళ్లు ఆటలోకి దిగబోయే ముందు చెయ్యి వేడెక్కించుకునే దొడ్డి అది. సరిగ్గా ఆ చెక్కగోడకి వెనకాల. అందులో కూర్చుంటే ఆట కనబడదు. డోలు వాయించే డ్వేన్ కుబిచెక్ తన డోలెక్కి నిలబడి, గోడ మీంచి చూస్తూ కబుర్లు అందిస్తున్నాడు.

"ఏమైందిరా?" అని కింద నుంచి అడిగారు.

"కొత్తగా ఏమవుతుంది? ఆ హెండర్షాట్ గాడు మళ్లీ మనవాళ్లని తొక్కుకుంటూ పోయాడు. వాడొక్కడు లేకపోతే ఈ ఆట మనదేరా!"

హెండర్షాట్ వైన్‌కాట్ వాళ్ల మేటి ఆటగాడు. వాడి పేరు వినీ వినీ విసుగెత్తి మార్సెల్లా పక్కకి తిరిగింది. స్తంభానికి తగిలించిన ఫోన్ కనబడింది. బేస్‌బాల్ కోచ్ డగౌట్‌లోంచి "ఫలానావాణ్ని పంపండి" అని కబురు చెప్పడానికి పెట్టిన ఫోన్. తీగ ఇంకా బతికే ఉందేమోనని ఎత్తింది. అవతల మోగింది.

"హలో, డగౌట్. ఎవరండీ?" అన్నాడో కుర్రాడు.

ఆమె గొంతు పెద్దరికంగా మార్చింది. "స్టేడియం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ కోచ్ గారు కారు దీపాలు ఆర్పడం మరిచిపోయారు. వెంటనే రమ్మనండి."

"మేం బస్సులో వచ్చామండీ."

మార్సెల్లా నాలిక్కరుచుకుంది.

"ఇంకోటి, ఈ ఫోన్ బుల్‌పెన్‌కి తప్ప ఇంకెక్కడికీ పోదని దీని మీదే రాసుంది," అన్నాడు ఆ కుర్రాడు నవ్వుతూ. "నువ్వు బ్యాండు పిల్లవి కదూ?"

"అయితే ఏంటంట? మీ కోచ్ నా ట్యూబాని గేదె అన్నాడు."

"నయం, నీ ట్యూబాని గేదె అన్నాడు. నన్నయితే కుర్చీ అంటాడు. నాలుగేళ్లుగా జట్టులో ఉన్నా. ఒక్క ఆట ఆడనివ్వలేదు. లీలాండ్ ప్రోకప్ అని ఓ మనిషున్నాడని ఆయనకి గుర్తే లేదు."

"ఏ స్థానంలో ఆడతావేంటి?"

"హెండర్షాట్‌కి బదులు దిగాల్సినవాణ్ని. వాడికి జలుబు కూడా చెయ్యదు."

అక్కడే మార్సెల్లా బుర్రలో దీపం వెలిగింది. హెండర్షాట్‌ని కూర్చోబెట్టి, ఆటంటే ఏమిటో తెలియని ఈ అమాయకుణ్ని దింపిస్తే టెన్‌బ్రూక్ పంట పండినట్టే. ఆమె గొంతులో తేనె పోసుకుంది.

"అయ్యో పాపం! మీ కోచ్ ఎవరి మాటా వినడా?"

"మా కాలేజీ ప్రెసిడెంటు గారి భార్య థ్రప్ గారి మాట తప్ప ఇంకెవరిదీ వినడు. ఆవిడ దగ్గితే ఈయన మందు సీసా పట్టుకుని పరిగెడతాడు. అదిగో, మా పైన గ్యాలరీలో నారింజ రంగు టోపీ పెట్టుకుని కూర్చుంది."

"ఫోన్ మీ కోచ్‌కివ్వు. ఆఫీసు నుంచని చెప్పు."

"నీకేమైనా పిచ్చా?"

"ఆడాలనుందా, లేదా?"

"సరే. నేను గానీ గోలు కొడితే ఏం చేస్తావ్?"

"నువ్వా? గోలా?" మార్సెల్లాకి నవ్వాగలేదు. "కొడితే మీ కాలేజీ పాట మా బ్యాండు మధ్యలో నిలబడి వాయిస్తాను. సరేనా?"

రెండో నిమిషంలో స్ట్రాండ్ గొంతు గర్జించింది. "ఎవరది? ఆట మధ్యలో ఫోనేంటి?"

"క్షమించండి సార్, థ్రప్ మేడమ్ గారి తరఫున చేస్తున్నాను. ప్రోకప్ అనే అబ్బాయిని మీరెందుకు దాచిపెడుతున్నారని అడుగుతున్నారు మేడమ్."

గర్జన పిల్లికూత అయింది. "అబ్బెబ్బే, దాచడమేంటమ్మా! సరైన సమయం కోసం ఆపాను. ఇదిగో, ఇప్పుడే దింపుతున్నానని మనవి చెయ్యండి."

డోలు మీంచి డ్వేన్ అరిచాడు. "ఒరేయ్, హెండర్షాట్‌ని పిలిచేశారు! ఎవడో తెల్లగా మెరిసిపోతూ వస్తున్నాడు, ఇస్త్రీ బట్టలతో! కోచ్ పైకి చూసి టోపీ తీసి దండం పెడుతున్నాడేంటి? నారింజ టోపీ ఆవిడ చెయ్యూపుతోంది!"

మార్సెల్లా తన ట్యూబాని ముద్దు చేస్తూ కూర్చుంది.

లీలాండ్ మొదటిసారి బంతి అందుకుని రాత్రి వానకి చేరిన బురదలో జారి వెల్లకిలా పడ్డాడు. రెండోసారి బంతి జారవిడిచాడు. టెన్‌బ్రూక్ వాళ్లు దాన్ని ఎగరేసుకుపోయి గోలు కొట్టారు. బుల్‌పెన్‌లో కేకలే కేకలు. ఆట చివరికొచ్చేసరికి టెన్‌బ్రూక్ అయిదు పాయింట్ల ముందుంది. గోలుకి ఆరు పాయింట్లు. హెండర్షాట్ బెంచీ మీద కూర్చుని టవలు కొరుకుతున్నాడని డ్వేన్ చెప్పాడు. కోచ్ చూపు మైదానం మీద కంటే నారింజ టోపీ మీదే ఎక్కువగా ఉందట. ఆవిడ నవ్వుతున్నంతసేపూ ఆయనకి కుర్రాణ్ని వెనక్కి పిలిచే ధైర్యం లేదు.

అప్పుడు డ్వేన్ గొంతు మారింది.

"వాడికే ఇచ్చారు... మన వైపే వస్తున్నాడు... పట్టుకోండ్రా! అయ్యయ్యో, మనవాళ్లు గోడ చూసి తగ్గుతున్నారే! వాడు తగ్గట్లేదేంటి? ఒరేయ్, గోడ! గోడరా!"

ధడేలుమని చప్పుడై బుల్‌పెన్ మొత్తం అదిరింది. డ్వేన్ డోలు మీంచి కిందపడ్డాడు. సరదాకి చేసిన పని ఒకడి తల పగలగొట్టిందా? మార్సెల్లా పరిగెత్తి వెళ్లి గోడకి చెవి ఆనించింది.

అవతల ఎవరో దగ్గారు. తర్వాత చెక్కల సందులోంచి రొప్పుతూ ఓ గొంతు వచ్చింది.

"ట్యూబా! ఉన్నావా?"

"ఉన్నా! బతికే ఉన్నావా?"

"గోలు కొట్టా. పాటేదీ?"

మార్సెల్లాకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఓడిపోయామన్న బాధ కంటే వాడు మాట్లాడాడన్న నిమ్మళమే ఎక్కువగా ఉంది. ట్యూబా భుజానికెత్తుకుంది. పక్కనున్న పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా వైన్‌కాట్ పాట మొదటి నుంచి చివరిదాకా వాయించింది. హ్రుస్కా చేతిలోంచి బ్యాండు నడిపించే కర్ర జారిపోయింది.

"ఏమ్మా, మతి పోయిందా? శత్రువు పాట ఎవరు నేర్పారు నీకు?"

"ఏటా వాళ్లే గెలుస్తున్నారు కదా సార్. వినీ వినీ వచ్చేసింది."

డ్వేన్ మోకాలు రుద్దుకుంటూ లేచాడు. "నువ్వు మనిషివేనా మార్సీ? రేపట్నుంచి నా పక్కన నిలబడకు." వాడు ఆ మాట మీద వారమంతా ఉన్నాడు.

ఆట అయ్యాక ట్యూబా మోసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి కోచ్ స్ట్రాండ్ నారింజ టోపీ ముందు వంగి నిలబడ్డాడు.

"మీ చూపే చూపు మేడమ్! ఆ కుర్రాడిలో సత్తా ఉందని మీరెలా పసిగట్టారు?"

థ్రప్ గారికి ఒక్క ముక్క అర్థం కాలేదని మార్సెల్లాకి స్పష్టంగా తెలిసింది. కానీ చేతికందిన పొగడ్తని వదులుకునే మనిషి కాదావిడ.

"నడక చూసి చెప్పేస్తాను ఆర్విల్. నువ్వే ఆలస్యం చేశావు. ఇకముందు జట్టు విషయాల్లో నన్నోసారి అడుగుతూ ఉండు."

స్ట్రాండ్ మొహం పాలిపోయింది. ప్రతి ఆటకీ ఈవిడ సలహా వినాలన్న సంగతి అప్పుడే ఎక్కినట్టుంది.

"ఆ పిల్లాడు బస్సులో రావడమేంటి? నా కార్లో కూర్చోబెట్టండి. దారంతా కబుర్లు చెప్పుకుంటాం," అని ఆవిడ ఆజ్ఞాపించింది.

బురదలో ముంచి తీసినట్టున్న లీలాండ్‌ని, సీటు మీద దుప్పటి పరిచి మరీ, కారు వెనక కూర్చోబెట్టారు. ముక్కు వాచి ఉంది. ట్యూబాని బట్టి మార్సెల్లాని గుర్తుపట్టి, కిటికీ అద్దం కొంచెం దించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అరవై మైళ్లు ఈవిడతో! ఏం మాట్లాడను?"

"ఏమీ అక్కర్లేదు. ఆవిడే మాట్లాడుతుంది. నువ్వు అవునంటూ ఉండు చాలు," అంది మార్సెల్లా. "అన్నట్టు, ఆఫీసు ఫోన్ సంగతి గానీ ఎత్తావో..."

"నాకేం తెలుసు? నేను కుర్చీని."

కారు కదిలింది. థ్రప్ గారు అప్పటికే చెయ్యి తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. లీలాండ్ తలూపుతున్నాడు.