గీతకి జానెడు లోపల

మోకాలు బాగుచేయించుకోడానికి వెళ్ళిన చోట, పక్క మంచం మీద తన పాత శత్రువు పడుకుని ఉంటాడని గోడ మేస్త్రి కలలో కూడా అనుకోలేదు.

ఆయనకి ఆ పేరు తాపీపని వల్ల వచ్చిందని ఊళ్ళో సగం మంది అనుకుంటారు. ముప్పై ఐదేళ్ళుగా గోడలు కట్టేవాణ్ణి ఇంకేమంటారు మరి! యాభై దాటినవాళ్ళకే అసలు సంగతి తెలుసు. చేత తాపీ పట్టకముందే, హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో గోలీగా నిలబడ్డప్పుడే ఆయన గోడ. ఒకే ఒక్క మ్యాచ్‌తో అతుక్కున్న పేరది. పోస్టుమ్యాన్ కూడా ఉత్తరం మీద పేరు కూడబలుక్కుని చదివి, "ఓ, మన గోడగారికా!" అనుకుంటూ గుమ్మంలోకి వస్తాడు.

యాభై ఐదో ఏట ఒక మేడ పని మీదుండగా, సారవ కర్రల మీంచి దిగుతూ కాలు జారి కుడి మోకాలు మెలిపడింది. ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత వారానికి మూడు రోజులు ఆస్పత్రి కింది అంతస్తులో ఉన్న కసరత్తు గదికి రమ్మన్నారు. ఆ గదిలో నాలుగు మంచాలు, గోడకి నిలువెత్తు అద్దం, ఉన్నచోటే తిరిగే సైకిలు, ఎక్కడికీ వెళ్ళని మూడు చెక్క మెట్లు ఉన్నాయి. మేస్త్రి మొదటిరోజే ఆ మెట్ల మీద కన్నేసి, "ఇవెవరు చేశారమ్మా? రెండో మెట్టు అర అంగుళం ఎత్తుంది," అన్నాడు.

కసరత్తు చేయించే అమ్మాయిది ఆయన కూతురి వయసు. "మెట్టు సంగతి తర్వాత చూద్దాం బాబాయ్. ముందు మీ కాలు అర అంగుళం లేవనివ్వండి," అంది.

మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, కిందికి నొక్కిపట్టమని, పది దాకా లెక్కపెట్టేది. ఆమె పది మేస్త్రికి ముప్పైలా ఉండేది. ఆయన భార్య బయట వరండాలో కుర్చీలో కూర్చుని, లోపల్నించి వచ్చే మూలుగులు విని, పక్కనున్నవాళ్ళతో "మా ఆయనే" అని చెప్పుకునేది.

రెండో వారంలో ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఈ మోకాలికి ఇదివరకెప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"తగిలింది. హైస్కూల్లో, ఫుట్‌బాల్ ఆడేటప్పుడు."

"మీరు ఫుట్‌బాల్ ఆడేవారా!"

"ఆడటమేంటమ్మా, గోలీని!" అన్నాడు మేస్త్రి, పడుకునే ఛాతీ విరుచుకుని.

పక్క మంచం మీద బక్కపలచటి మనిషొకడు కాలికి ఇసుక సంచి కట్టుకుని లేపుతూ దించుతూ ఉన్నాడు. ఆ కాలు గాల్లోనే ఆగిపోయింది.

"ఏ హైస్కూలండీ?" అని అడిగాడు.

"రైలు గేటు పక్కది."

"కాగితం మిల్లు హైస్కూలుతో ఫైనల్ ఆడారు కదూ?"

"ఆడాం. గెలిచాం."

ఆ కాలు దభీమని మంచం మీద పడింది. "అయితే నువ్వు గోడవి!"

మేస్త్రి మెడ తిప్పి చూశాడు. జుట్టు పోయింది, బుగ్గలు లోపలికి పోయాయి. కానీ డొప్పల్లాంటి ఆ రెండు చెవులు మాత్రం ఎక్కడికీ పోలేదు. అవతలి జట్టులో తొమ్మిదో నంబరు. పరిగెడితే కాళ్ళు కనిపించేవి కావు.

"ఓరి నీ... కుందేలా!"

"మీరిద్దరూ ఇలా కేకలేస్తే ఎలా? పైన గుండె జబ్బులవాళ్ళున్నారు," అంది అమ్మాయి.

కుందేలు ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడట. క్లచ్చి తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగింది. అక్క ఒకావిడ ఈ ఊళ్ళోనే ఉంటే, వైద్యం అయ్యేదాకా ఆవిడింట్లో దిగాడు. ఆ రోజు నించి ఇద్దరూ ఒకే వేళకి రావడం మొదలుపెట్టారు. అంతకుముందు వెళ్ళనని మొరాయించే మేస్త్రి ఇప్పుడు తెల్లారేసరికి చొక్కా తొడుక్కుని గుమ్మంలో కూర్చునేవాడు. ఆ గదిలో పది సార్లు కాలెత్తమంటే ఇద్దరూ పంతానికి పదిహేను సార్లు ఎత్తేవారు. మధ్యమధ్య కబుర్లు.

మేస్త్రి వాళ్ళ జట్టుకి ఆట నేర్పినవాడు లెక్కల మాస్టారు. ఆయన జన్మలో బంతిని తన్ని ఎరగడు. ఆటల మాస్టారికి బదిలీ అయిపోతే, హెడ్మాస్టరు ఈయన నెత్తిన పెట్టాడు. ఆయన లైబ్రరీ నించి ఒక పాత పుస్తకం తెచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు నేర్పేవాడు. ఆ పుస్తకంలో ఆఫ్‌సైడ్ గురించి, అంటే అవతలివాళ్ళ గోలు దగ్గర ముందే వెళ్ళి కాచుకోకూడదనే నియమం గురించి, ఉన్న నాలుగు పేజీలూ ఎవరో చింపేశారు. దాంతో కాగితం మిల్లువాళ్ళతో సరదాగా ఆడిన మొదటి మ్యాచ్‌లో పదకొండు మార్లు ఈల వేశారు. ఎందుకు వేస్తున్నారో ఆడేవాళ్ళకీ తెలీదు, మాస్టారికీ తెలీదు. పదకొండోసారి మాస్టారే మైదానంలోకి వెళ్ళి, "అయ్యా, తప్పేంటో చెబితే దిద్దుకుంటాం," అని రిఫరీకి దణ్ణం పెట్టాడు.

కుందేలు కడుపు పట్టుకుని నవ్వాడు. "మీవాళ్ళంతా మా గోలు దగ్గరే ఎందుకు కాపురం పెట్టారో మాకర్థం కాలేదు. అదేదో ఎత్తు అనుకుని మేం భయపడి చచ్చాం!"

కానీ గోలీకి మాత్రం మాస్టారు గొప్ప విద్య నేర్పాడు. నల్లబల్ల మీద గోలు గీసి, బంతి దగ్గర్నించి రెండు స్తంభాలకీ గీతలు లాగి, "నువ్వు రెండడుగులు ముందుకొస్తే కోణం ఎంత తగ్గిందో చూడరా," అనేవాడు. లెక్కల్లో ఏనాడూ ముప్పై దాటని కుర్రాడికి అది మాత్రం బుర్రకెక్కింది. అమ్మ పాత దుప్పటి చింపి కుట్టిచ్చిన చేతి తొడుగులు వేసుకుని, రోజూ సాయంత్రం వాలుగా ఉండే ఆ స్కూలు మైదానంలో చీకటి పడేదాకా దొర్లేవాడు. బడి అంటే వణికే మనిషికి ఆ ఒక్క ఏడాది పొద్దున్నే లేవడం హాయిగా ఉండేది. జట్టులో పదకొండు మందికి బూట్లు ఆరు జతలే. మిగతావాళ్ళు గుడ్డ బూట్లతో ఆడేవారు. అయినా ఒక్కో మ్యాచ్ గెలుచుకుంటూ ఫైనల్‌కి వచ్చిపడ్డారు.

ఇక్కడిదాకా వచ్చేసరికి మేస్త్రి గొంతు తగ్గేది. ఫైనల్ మాట వస్తే నీళ్ళు నమిలి, వేరే మాట ఎత్తేవాడు. కుందేలు వదల్లేదు.

"చివర్లో నేను కొట్టింది ఎలా పట్టావయ్యా? ఇప్పటికీ నాకు నిద్దట్లో వస్తుంది."

అమ్మాయి అంకెలు లెక్కపెడుతోంది. మూడు, నాలుగు. మేస్త్రి పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం అంతా కళ్ళకి కట్టింది. పొద్దున వాన పడి, సున్నంతో గీసిన గీతలు సగం కొట్టుకుపోయాయి. తనవాళ్ళు ఒక గోలు కొట్టి ముందున్నారు. ఇంకో రెండు నిమిషాలుంటే కప్పు తమదే. అప్పుడు కుందేలు ముగ్గుర్ని తప్పించుకుని వచ్చి కొట్టాడు. బంతి ఛాతీకి తగిలి జారింది. తను వెనక్కి పడి, దొర్లి, దాన్ని కడుపు కింద అదుముకున్నాడు. బురదలో మొహం పక్కకి తిప్పితే, చెరగకుండా మిగిలిన సున్నం ముక్క కనిపించింది. అది ముందుంది. బంతి వెనకుంది.

"పట్టలేదు," అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"అది గోలే. గీతకి జానెడు లోపల పడింది. లేస్తూ లేస్తూ ముందుకి లాక్కున్నా. రిఫరీ రొప్పుకుంటూ వచ్చి, 'బాబూ, దాటిందా?' అని నన్నే అడిగాడు. లేదు సార్ అన్నా."

ఎనిమిది, తొమ్మిది, పది. కుందేలు ఇసుక సంచి విప్పి కింద పెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

దారిలో భార్య అడిగింది. "మొహం అలా వేలాడేశారేం? నొప్పిగా ఉందా?"

ఇంటికెళ్ళి, వంటింట్లో పీట మీద కాలు చాపుకుని, ఆమెకీ చెప్పాడు. ఆ రోజు జనమంతా తనని భుజాల మీద ఎత్తుకుని 'గోడ, గోడ' అని అరుస్తుంటే కిందికి దించమని బతిమాలాననీ, లెక్కల మాస్టారు వీపు తట్టి 'నీ మాట మీద గెలిచాంరా' అన్నప్పుడు ఆయన మొహంలోకి చూడలేకపోయాననీ చెప్పాడు. ఆమె కూర తరుగుతూ విన్నది.

"నాకు తెలుసుగా," అంది.

"నీకేం తెలుసు?"

"నేను తొమ్మిదో తరగతి. గోలు వెనకాలే నిలబడ్డాను. నా పక్కన ఇంకో ఇద్దరు ఆడపిల్లలు కూడా చూశారు."

మేస్త్రి మెడ తిప్పి ఆమెని చూశాడు. "మరి ఇన్నేళ్ళూ అడగలేదే?" అన్నాడు.

"మీరే చెప్తారని చూశాను. మొదటి పదేళ్ళూ చూశాను. తర్వాత పిల్లలూ, చదువులూ. ధ్యాస పోయింది."

"అబద్ధాలకోరునని తెలిసీ చేసుకున్నావా?"

"నేను చేసుకుంది గోలీనా ఏంటి? మీరు మా ఇంటికి వంటగది కట్టడానికి వచ్చారు. నూలుగుండు వేలాడదీసి చూసి, వెంట్రుకంత వాలిందని కట్టిన మూడు వరసలూ మళ్ళీ విప్పేశారు. ఏం పర్లేదు, ఉంచెయ్యవయ్యా అని మా నాన్న ఎంత చెప్పినా వినలేదు. అది చూసి చేసుకున్నా." ఆమె తరిగిన ముక్కలు గిన్నెలో వేసి లేచింది. "కాలు కాస్త పక్కకి పెట్టండి, నేను నడవాలి."

మేస్త్రికి కొంత బరువు దిగింది. కానీ కుందేలు తర్వాతి రోజు కసరత్తుకి రాలేదు. ఆ పైరోజూ రాలేదు. పక్క మంచం ఖాళీగా ఉంటే మేస్త్రి కాలు కూడా లేవనని మొండికేసింది. "స్నేహితుడు రాకపోతే మీరు కసరత్తు ఎగ్గొడతారా?" అని అమ్మాయి కోప్పడింది. "మూడు వారాల కష్టం పోతుంది బాబాయ్."

మూడోరోజు మేస్త్రి వెళ్ళేసరికి కుందేలు తన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రి గుమ్మంలోనే ఆగాడు.

"రా, కూర్చో. నీకు చెప్పాలి," అన్నాడు కుందేలు. "కోపమొచ్చింది. ఎప్పుడో కుర్రతనంలో రావాల్సిన కోపం ఇప్పుడొస్తే ఏం చెయ్యను? ఇంట్లో పెట్టుకుని కూర్చున్నా. మా అక్క మీద అరిచా. మా ఆవిడకి ఫోన్ చేసి అరిచా. నిన్న స్నానం చేస్తుంటే ఒక్కసారిగా తట్టింది. అంటే, నేను కొట్టానన్నమాట!"

"కొట్టావు."

"కొట్టానుగా!" కుందేలు మొహం పదిహేడేళ్ళ కుర్రాడి మొహంలా వెలిగిపోయింది. "మా అన్నే మా కెప్టెన్. ఇన్నేళ్ళూ వాడు నన్ను దెప్పని రోజు లేదు. చేతిలో పెట్టినదాన్ని పారేశావురా, నీవల్లే ఓడిపోయాంరా అని నా పెళ్ళిలో కూడా అన్నాడు. నాకేం వద్దు గానీ, ఒక్క ఫోన్ చేసి నీ నోటితో చెప్పు."

మేస్త్రి ఫోన్ తీసుకున్నాడు. కుందేలు అన్న పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. చెవులు సరిగా వినపడవు.

"అది గోలండీ!" అన్నాడు మేస్త్రి.

"గోళీలా? మేం కొనం," అన్నాడు అవతలాయన.

"గోళీలు కాదండీ, గోలు! మీ తమ్ముడు కొట్టింది గోలు! నేనే అబద్ధం చెప్పాను! నేను గోడని!"

ఈసారి పై అంతస్తు దాకా వినపడింది. అమ్మాయి పరిగెత్తుకొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అనకుండా తలుపు మూసింది. అవతలాయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఒకటికి ఒకటి. మ్యాచ్ తేలలేదన్నమాట," అన్నాడు. మళ్ళీ ఆగి, "వాడున్నాడా పక్కన? ఇవ్వు ఫోను," అన్నాడు.

కుందేలు ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. "ఊఁ... ఊఁ..." అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. అన్న ఏమన్నాడో మేస్త్రి అడగలేదు.

నెల తిరిగాక, ఇద్దరి కాళ్ళూ చేతికర్ర లేకుండా నడిచే స్థితికి వచ్చాక, ఒక ఆదివారం మేస్త్రీ భార్యా కుందేలు ఇంటికి భోజనానికి వెళ్ళారు. అన్న కూడా వచ్చాడు. మేస్త్రి ఆయన ముందు తల వంచుకుని నిలబడితే, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "తప్పు చేసింది కుర్రాడు. వచ్చింది పెద్దమనిషి. కుర్రాడు కనపడితే చెవి మెలేద్దును," అన్నాడు. భోజనాల దగ్గర నీళ్ళ గ్లాసులూ చెంచాలూ ఆటగాళ్ళుగా పేర్చి, నిమ్మచెక్కని బంతిగా పెట్టి, ఆ మ్యాచ్ మొదటి నించీ మళ్ళీ ఆడారు. మేస్త్రి భార్య నిమ్మచెక్కని వేలితో వెనక్కి తోసి, "బంతి ఇక్కడుంది. నేను చూశాను," అంది. ముగ్గురు మగవాళ్ళూ దాన్ని అక్కడే ఉంచేశారు.

సాయంత్రం వాళ్ళని బస్సెక్కించడానికి కుందేలు స్టాపు దాకా వచ్చాడు. బస్సు నడిపేవాడు అతనికి పాత పరిచయమే. కుందేలు కిటికీ దగ్గరికెళ్ళి, వంటి మీద యూనిఫారం ఉన్నట్టే, గట్టిగా చెప్పాడు.

"గతుకుల దగ్గర మెల్లగా పోనియ్యి. కొత్త మోకాలు ఎక్కుతోంది."

మేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. ఒకటి, రెండు, మూడు. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, తను ఇవతల కూర్చుని, కాలు హాయిగా నడవలోకి చాపుకున్నాడు.