ఏ పోదుం?

కొత్త పెళ్లాం చేతులు వెనక్కి విరిచి కట్టాలని సరదాపడే మొగుణ్ణి ఎవరైనా నమ్ముతారా? ఆర్తి నమ్మింది. నమ్మి, ఆదివారం మధ్యాహ్నం తమిళనాడు కోవిల్‌పట్టిలో తెలుగువాళ్లయిన అత్తింట్లో తనే తలుపు గడియ పెట్టి, చాప మీద అతనికి వీపు చూపించి కూర్చుంది. అత్త సుబ్బమ్మాళ్ సాత్తూరులో పెళ్లికి వెళ్లింది.

మొగుడు కుమారవేల్‌ది విరుదునగర్ మిరపకాయల మండీలో ఉద్యోగం. ఫోనులో జపాను వాళ్ల తాళ్ల కళ చూసి మురిసిపోయాడు. ఒకరు కడతారు, ఒకరు కట్టించుకుంటారు. తాడు ఒంటి మీద ముగ్గులా మెలికలు తిరుగుతుంది. మండీ వీధిలోనే జనపనార తాడు కొని, నూనె రాసి మెత్తబరిచాడు. కలిసి నేర్చుకుందామంటే ఆర్తి సిగ్గుపడుతూనే సరేనంది. ఆపమనడానికి ఒక మాట ముందే అనుకోవాలని వీడియోలో ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"మాటెందుకు? నువ్వు సెప్తే నిలపనా?" అన్నాడు కుమారవేల్. ఇద్దరూ నవ్వేశారు.

మొదటి చుట్టు బాగానే ఉంది. రెండో చుట్టు మోచేతుల పైన పడేసరికి బొటనవేలు తిమ్మిరెక్కింది.

"పోదుం," అంది ఆర్తి. విరుదునగర్‌లో పెరిగిన పిల్ల, కంగారులో తమిళమే వస్తుంది. చాలు అని.

"సరే, పోదుం," అంటూ కుమారవేల్ ఇంకో చుట్టు తిప్పి బిగించాడు.

విన్నాడు. విని కూడా బిగించాడు.

"పోదుం మామా, పోదుం."

"పోదుం, పోదుం. బయపడాకు." వెనక నవ్వుతున్న గొంతు. ముఖం కనపడదు.

పెళ్లయి ఎన్నాళ్లని? ఈ మనిషికి కోపం వస్తే ఎలా ఉంటాడో కూడా ఆమె ఇంకా చూడలేదు. అరిస్తే వీధంతా వస్తుంది, ఆ తర్వాత తలెత్తుకోలేదు. జాకెట్లు కుట్టే వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. వద్దంటే ఆగని వాణ్ణా కట్టుకున్నాను అనుకునేసరికి ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"కుమారవేల్," అంది.

తాడు ఆగిపోయింది. ఆ ఇళ్లల్లో పెళ్లాం మొగుడి పేరు పలకదు. రేషన్ కార్డు కోసం అడిగినా పక్కావిడ చేత చెప్పించిన మనిషి ఆర్తి. కుమారవేల్ ముందుకొచ్చి ఆమె ముఖం చూశాడు. కత్తెర తెచ్చి చుట్లన్నీ కత్తిరించి, ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని రుద్దాడు. బొటనవేలు కదిలేదాకా ఇద్దరికీ ప్రాణం లేదు.

"పోదుం అంటివి గదా. పొలానికి పోయేటప్పుడు మా అమ్మ సెప్పేదీ అదే గదా." అతను రుద్దుతూనే అన్నాడు. "ఇంకా ముందుకు పోదామంటివని..."

ఆమె తమిళంలో చాలంది. అతను వాళ్లింటి పాత తెలుగులో పోదాం పద అని విన్నాడు. సంగతి అర్థమైంది కానీ భయం పోలేదు. అతను దగ్గరికి జరిగితే ఆర్తి వెనక్కి జరిగింది. అది చూసి కుమారవేల్ మిగిలిన తాడు ఆమె చేతికిచ్చి, వీపు తిప్పి కూర్చున్నాడు.

"కట్టు," అన్నాడు.

కట్టింది. రెండో చుట్టుకే అతని మెడ మీద చెమట పోసింది.

"పోదుం," అన్నాడు.

ఆర్తి తాడు కొస వదలలేదు.

"నాదా, మీదా?"

అతను తల తిప్పి చూడబోయాడు. ఆమె ముఖం కనపడలేదు.

"నీదే ఆర్తీ," అన్నాడు.

ఆమె ముడి విప్పింది.