సుత్తి దెబ్బ పడని వాల్వు

మొగుడూ పెళ్ళాం అలిగితే పక్కింటివాళ్ళకు వినోదం, ఇంట్లోవాళ్ళకు శిక్ష. ఆ ఇంట్లో శిక్ష మామగారికి పడింది.

ఇంటి వెనకే కార్ల షెడ్డు. దాన్ని పెట్టింది ఆయనే. చూపు మందగించాక కొడుక్కీ కోడలికీ వదిలేశాడు. కొడుకు బక్కపలచటివాడు, కుదురుగా ఒకచోట నిలబడడు, స్టీరింగు దొరికితే గాలిలో తేలిపోతాడు. అందుకే వాణ్ణి అందరూ తూనీగ అంటారు. కోడలివి సన్నటి వేళ్ళు. పెద్ద చేతులు దూరని చోట ఆమె వేళ్ళు చీమల్లా పాకుతాయి. అందుకని వాల్వుల పని ఎప్పుడూ ఆమెదే.

అలక ఎందుకంటారా? పోయినేడు రేసు అయ్యాక, "ఇదే ఆఖరు, నీమీదొట్టు" అన్నాడు తూనీగ. ఈ ఏడు మళ్ళీ పేరిచ్చాడు. ఇచ్చినవాడు పెళ్ళాంతో చెప్పకుండా మరదలితో చెప్పాడు. "బావ మళ్ళీ దూకుతున్నాడటగా!" అని చెల్లెలు నవ్వుతూ అడిగితే గానీ ఈమెకు తెలియలేదు. అంతే, మాటలు బంద్.

కానీ పని ఆగుతుందా? ఆ పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి వాల్వు స్ప్రింగులు నీరసించాయి. వాల్వులంటే ఇంజను ఊపిరి తలుపులు. మామూలు కారులో వాల్వులు నడుస్తాయి, రేసు కారులో పరిగెడతాయి. స్ప్రింగు వాటిని వెనక్కి లాగి మూస్తూ ఉండాలి. అది చతికిలపడిందంటే మార్చేయాలి. ఆ పొద్దున మార్పిడికి కూర్చున్నారు.

"మామయ్యా, మీ అబ్బాయిని ఆ పానా ఇమ్మనండి."

"నాన్నా, పానా ఆవిడ మోకాలి దగ్గరే ఉందని చెప్పు."

"కళ్ళున్నాయి, కనపడుతోందిలే అనండి మామయ్యా."

"ఒరేయ్, నేను మనిషినిరా, టెలిఫోను తీగను కాను!" అని ముసలాయన లేచాడు. "మీరూ మీ మూతివిరుపులూ! పడగ్గది తలుపు గడియ బిగుసుకుంది, అది చూసుకుంటే నయం." విసవిసా ఇంట్లోకి నడిచాడు.

తూనీగ షెడ్డు ముందుకు పోయి హెల్మెట్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. కోడలు తలొంచుకుని పని చేసుకుంది. స్ప్రింగు మీద టోపీలాంటి బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళ లేచిపోకుండా వాల్వుకుండే సన్నటి కాడ మెడలో రెండు చిన్న లాకు ముక్కలు కూర్చోవాలి. ఒక్కొక్కటీ చంటిపిల్ల గోరంత. గ్రీజు రాసి కాడకు అంటిస్తే అవి నిలబడతాయి, బిళ్ళ వచ్చి వాటిని బిగిస్తుంది. కూర్చున్నాయో, కూర్చున్నట్టు నటిస్తున్నాయో గ్రీజులో కంటికి తెలియదు. అందుకే కొయ్యసుత్తితో కాడ మీద ఒక్క దెబ్బ వేయాలి. సరిగ్గా కూర్చోనిదైతే అక్కడే ఎగిరి బయటపడుతుంది.

ఆ దెబ్బ విషయంలో షెడ్డుకో నియమం ఉంది. లాకులు పెట్టిన చెయ్యి దెబ్బ వేయకూడదు. "వండినవాళ్ళకి ఉప్పు చాలిందనే అనిపిస్తుంది, రెండో నాలుక రుచి చూడాలి" అనేవాడు మామగారు. అందుకని ఆమె పెడితే అతను కొడతాడు.

ఆవేళ ఆమె లాకులన్నీ పెట్టేసింది. మామూలుగానైతే "రండి, కొట్టండి" అని పిలిచేది. పిలిస్తే తను ఓడినట్టు కదా! మూతి ముడుచుకుని పెరట్లో కుళాయి దగ్గరకు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. సబ్బు నురగ మోచేతులదాకా ఉండగా టక్, టక్ మని చప్పుడు వినబడింది. 'కొడుతున్నాడులే' అనుకుంది. ఆమె తిరిగొచ్చేసరికి తూనీగ వాల్వుల్ని నొక్కే రాకర్లు బిగించి, పైమూత వేసి, బయల్దేరిపోయాడు. ఊరి బయట ట్రాకు మీద ఆ మధ్యాహ్నం అతని సాధన.

ఆమె కంచం ముందు కూర్చుని రెండో ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, మామగారు వచ్చాడు. చేతిలో కొయ్యసుత్తి.

"ఇదిగోనమ్మా నీ సుత్తి. గడియ ఎంతకీ దిగనంటే నాలుగు తగిలించాను, దారికొచ్చింది."

ఆమె కంచం పక్కకు నెట్టింది.

"ఆ చప్పుడు... మీదా మామయ్యా?"

"మరెవరిది? పొద్దుట్నుంచీ ఇది నా దగ్గరేగా!"

ఆమె కళ్ళముందు అంతా కదలాడింది. తను చప్పుడు విని అతననుకుంది. అదే చప్పుడు బయట విని, తనే కొడుతోందని అతననుకున్నాడు, కోపంతో తను నియమం కూడా తప్పిందనుకుని ఉంటాడు. ఒక్క వాల్వుకీ దెబ్బ పడలేదు.

నెమ్మదిగా నడిపినంతసేపు ఏమీ కాదు. ట్రాకు దగ్గర వంతు కోసం ఆగేసరికి ఇంజను చల్లారుతుంది, నూనె మళ్ళీ వేడెక్కేదాకా తూనీగ నెమ్మదిగానే తిరుగుతాడు. ఆ తర్వాత పొడుగాటి బాట మీద ఇంజను గొంతు చించుకుంటుంది. అప్పుడు లాకు జారిందో, వాల్వు లోపల పడుతుంది. పిస్టను వచ్చి దాన్ని గుద్దుతుంది. ఇంజను రెప్పపాటులో బిగుసుకుపోతుంది, వెనక చక్రాలు ఆగిపోతాయి, కారు బొంగరమవుతుంది. ఆ బాట చివర సిమెంటు గోడ.

ఫోను చేసింది. షెడ్డు బల్ల మీదే మోగింది అతని ఫోను. ట్రాకు ఆఫీసుకి చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు.

ఎంగిలి చేత్తోనే వ్యాను తీసింది. మామగారు పక్కన ఎక్కాడు, చెప్పుల్లేకుండా. దారి పొడుగునా ఇనప గొట్టాల లారీ ఒకటి అడ్డం. హారన్ కొట్టింది, అరిచింది, తిట్టింది. లారీవాడు చెయ్యి బయటపెట్టి, 'ఎగిరిపో అయితే' అన్నట్టు ఊపాడు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు కదమ్మా" అన్నాడు ముసలాయన. తిట్టడం కాదది, భయం. ఆమె మళ్ళీ హారన్ కొట్టింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని పళ్ళు బిగబట్టింది.

ట్రాకు కనపడకముందే ఇంజను వినబడింది. ఆమెకు ఆ గొంతు తెలుసు. ఇంకా బరువుగా, బద్ధకంగా ఉంది. 'ఇంకా వేడెక్కలేదు, దేవుడా, ఇంకా వేడెక్కలేదు' అనుకుంటూ వ్యాను దిగి పరిగెత్తింది. కంచె పక్కన జెండా మనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఎర్రజెండా చూపించు! ఆ కారు ఆపు!"

"ఎందుకమ్మా? ఏం తగలబడిందని? ఊరికే చూపిస్తే నా ఉద్యోగం పోతుంది."

"అందులో వాల్వు ఊడుతుంది!"

"ఇక్కణ్ణుంచే కనపడిందా నీకు?"

అంతలో కారు మలుపు తిరిగి వచ్చింది. ఆమె కంచె పట్టుకుని చెయ్యెత్తి ఊపింది. చేతిలో కొయ్యసుత్తి ఉన్న సంగతే తెలియదామెకు, వ్యానులో ఒళ్ళో పెట్టుకున్నది అలాగే పట్టుకొచ్చింది. తూనీగ చూశాడు. సుత్తి ఎత్తుకుని వచ్చిన పెళ్ళాన్ని చూశాడు. ఇక్కడికి కూడా తన్నడానికి వచ్చిందనుకున్నాడు కాబోలు, టాటా చెప్పినట్టు చెయ్యి ఊపి, యాక్సిలరేటరు తొక్కాడు.

ఇంజను గొంతు మారింది. బరువు పోయి ఊళ అయింది. ఊళ పలచబడి కీచు అయింది. కారు పొడుగాటి బాట వైపు తిరుగుతోంది.

ఇక జెండా మనిషిని బతిమాలలేదు. మామగారే వెళ్ళి అతని కాళ్ళు పట్టేసుకున్నాడు. తెల్లజుట్టు, మట్టికొట్టుకున్న వట్టి పాదాలు. "నాయనా, నాకు వాడొక్కడే."

జెండా మనిషి తుళ్ళిపడ్డాడు. "అయ్యయ్యో, లే పెద్దాయనా, లే!" అంటూనే జెండా లాగి, రేడియోలో అవతలి మలుపువాడికి కూడా కేకేశాడు. ఎర్రగుడ్డ రెండు చోట్లా లేచింది.

కీచు తెగింది. ఆగిందా, బిగుసుకుందా? ఆమె కళ్ళు మూసుకుంది. గోడకు గుద్దుకున్న చప్పుడు కోసం చెవులు ఎదురుచూశాయి. ఎంతసేపో తెలియదు. కళ్ళు తెరిస్తే కారు నత్తలా వచ్చి ఎదురుగా నిలబడి ఉంది.

తూనీగ హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. "నలుగురిలో పరువు తీయడానికి వచ్చావా?"

ఆమె వ్యానులోంచి పానా తెచ్చింది. కాలుతున్న పైమూత విప్పింది, వేళ్ళు చురుక్కుమన్నా వదల్లేదు. రాకర్లు తీసి పక్కన పెట్టింది. వాల్వుల మీద గుడ్డ కప్పి, సుత్తి అతని చేతికిచ్చింది.

"కొట్టండి" అంది.

అతను సుత్తిని చూశాడు, ఆమెను చూశాడు. "నువ్వు... కొట్టలేదా?"

"మీరు కొట్టారనుకున్నాను."

అతను ఒంగి కొట్టాడు. టక్. గట్టిగా ఉంది. రెండోది గట్టిగా ఉంది. మూడోది, నాలుగోది. జెండా మనిషి "అన్నీ బాగానే ఉన్నాయిగా తల్లీ" అన్నాడు. అయిదో దెబ్బకి గుడ్డ ఎగిరింది. స్ప్రింగు బిళ్ళతో సహా పైకి లేచింది, లాకు ముక్క ఒకటి టింగుమని తారు మీద పడి దొర్లింది. దాని అంచు నలిగి మెరుస్తోంది. అప్పటికే సగం జారి, కొస పట్టుకుని వేలాడిందన్నమాట.

తూనీగ టైరుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "ఒక్కసారి పిలవచ్చు కదే" అన్నాడు చిన్నగా.

"మీరు అడగచ్చు కదా" అంది ఆమె. అని, అతని చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుంది. కొడుతుందనుకున్నారు. వదలకుండా అలా పట్టుకునే ఉంది.

కారును వ్యానుకు తాడుతో కట్టి ఇంటికి బయల్దేరారు. వ్యాను ఆమె నడిపింది. వెనక చచ్చిన కారులో స్టీరింగు అతను పట్టుకున్నాడు. సైకిళ్ళు కూడా దాటిపోతున్నా తూనీగ హారన్ కొట్టలేదు. తాడు వదులైనప్పుడల్లా ఆమె అద్దంలో చూసేది. అతను అక్కడే ఉన్నాడు. మళ్ళీ కాసేపటికి చూసేది.

"ఉన్నాడమ్మా, ఉన్నాడు. రోడ్డు చూసి నడుపు" అన్నాడు మామగారు, తనూ వెనక్కి తిరిగి చూస్తూ.