స్టాలు మూలన కుట్టుమిషను

స్టాలు అందంగా కనబడాలంటే యజమానురాలు కళ్లద్దాలు తీసేయాలని ఏ పుస్తకంలో రాశారో నాకైతే తెలియదు. సిద్దేశ్ చదివిన కాలేజీలో చెప్పే ఉంటారు. బళ్లారి పక్కన కుడతిని ఊరి పిల్లవాడే, బెంగళూరులో డిజైనింగు చదివి వచ్చాడు. బళ్లారిలో బట్టల ఎగ్జిబిషను జరుగుతుందని, వ్యాపారులు మన జీన్స్ స్టాలు దగ్గర ఆగిపోవాలని మా ఆయన హనుమేష్ అతన్ని పిలిపించాడు. సరేనన్నాను. సత్యనారాయణపేటలో ఒక్క మిషనుతో నేను మొదలుపెట్టిన జీన్స్ కుట్టే యూనిట్టు మాది. లైసెన్సు కూడా నా పేరు మీదే ఉంది. ఆర్డర్లు వస్తే నాకు చేదా?

స్టాలు బాగానే కట్టాడు, అబద్ధమెందుకు? వెనక గోడంతా నీలం డెనిమ్ గుడ్డ, దాని నిండా జేబులు, జేబుకొక చిన్న దీపం. ముందర గాజు బల్ల, దాని వెనక కొత్త కోటులో మా ఆయన. నా కుర్చీ ఎక్కడా అని చూస్తే, మూలన ఒక పాత కాలిమిషను, దాని ముందర ముక్కాలి పీట కనిపించాయి.

"ఇది లైవ్ కార్నర్ మేడం," అన్నాడు సిద్దేశ్. "మీరు ఈడ కూర్చోని కుడతాంటే జనం నిలబడి చూస్తారు. ఇళకల్ చీర తెచ్చినా, కట్టుకోండి. బొట్టు పెద్దది పెట్టుకోండి. ఆ కళ్లద్దాలు మాత్రం తీసేయండి, లుక్కు పోతాది."

"తీసేస్తే దారం యాడ ఎక్కిచ్చేదప్పా?"

"సుమ్నె, ఊరికే తొక్కతా ఉండండి మేడం. కుట్టేది ఎవురు చూస్తారు?"

కుట్టేది ఎవరు చూస్తారట! జీన్స్ స్టాలులో! నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన వైపు చూశాను.

"రెండు దినాలు సర్దుకోమే. మన ఆర్డర్ల కోసమే కదా," అని ఆయన కోటు సర్దుకున్నాడు.

కళ్లద్దాలు సంచిలో వేసి పీట మీద కూర్చున్నాను. ఆశకు పోయినదాన్ని, ఇంకెవరిని అనాలి?

జనం ఆగారు, ఫోటోలు తీసుకున్నారు. ఎవరో ఒకామె "పాపం" అని కూడా అంది. ఎందుకమ్మా పాపం, నీ ఒంటి మీది ప్యాంటు మా యూనిట్టుదే అయ్యుండొచ్చు అని నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ల ముందు అంతా మసక. కుట్టు తాగుబోతు నడకలా అటూ ఇటూ పోతోంది. అలాంటి కుట్టు పడితే అంబికక్క ఊరుకోదని మా పనివాళ్లందరికీ తెలుసు. ఆ అంబికక్క నేనే.

మధ్యాహ్నం కర్నూలు నుంచి చెన్నప్ప అనే షోరూం యజమాని వచ్చాడు. బల్ల మీది సరుకు చూసి, తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. నేను కుడుతున్న ప్యాంటు అందుకుని వెలుతురుకు పట్టి చూసి, మొహం చిట్లించాడు.

"ఏందప్పా ఇది, కుట్టు ఇట్ల వంకర పోయిండాది? ఎవురీమె?"

మా ఆయన నన్ను చూశాడు. చెప్పు. మా ఇంటామె అని చెప్పు. యూనిట్టు ఈమెదే అని చెప్పు. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి?

"కొత్తామె సార్," అన్నాడు. "మొన్ననే పన్లో చేర్చుకున్యాం. తీసేస్తాం లెండి."

తీసేస్తాడట! నా యూనిట్టులోంచి నన్నే! ఇన్నేళ్ల కాపురంలో ఇంత మాట పడలేదు.

లేచాను. సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను. ఆ వంకర ప్యాంటు చెన్నప్ప చేతిలోంచి లాక్కుని, బల్ల మీంచి మా యూనిట్టులో కుట్టినదొకటి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నా పేరు అంబిక సార్. ఈ యూనిట్టు నాది. ఆ వంకర కుట్టు కూడా నాదే, కళ్లద్దాలు తీపిచ్చి కూర్చోబెట్నారు. మా సరుకు ఇది. తిప్పి చూడండి."

ఆయన లోపలివైపు తిప్పి, కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా చూశాడు. తల ఊపాడు. తరువాత మా ఆయన వైపు తిరిగాడు.

"మరి నువ్వెవురప్పా?"

మా ఆయన మళ్లీ కోటు సర్దుకున్నాడు. నేనే చెప్పాను.

"నా మొగుడు సార్. ఎవురడిగినా చెప్పుకునేదానికి నాకేం సిగ్గు లేదు."