ఇంటిపేరు గడి

"నీకేంటమ్మా, ఏసీలో కూర్చుని బొమ్మలు చూసే ఉద్యోగం" అని అత్తగారు సువార్తమ్మ అనేటప్పటికి శాలిని చేపల పులుసు క్యారేజీల్లోకి సర్దుతోంది. భర్త యేసుకుమార్‌కొకటి, తనకొకటి. నడిమి ముక్కలు అతని గిన్నెలోకి, తోక ముక్క తన గిన్నెలోకి ఎవరూ చెప్పకుండానే వెళ్ళిపోతాయి. వెళ్ళకపోతే తెలుస్తుంది ఆ ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయో.

ఇద్దరిదీ విజయవాడ సూర్యారావుపేటలో ఒకే ఆస్పత్రి. అతను కింద బిల్లింగ్ కౌంటర్లకు ఇన్‌ఛార్జి, ఆమె పై అంతస్తులో కంప్యూటర్ సెక్షన్. పటమట నుంచి ఒకే బండి మీద వెళ్తారు, ఒకే బండి మీద వస్తారు. వచ్చాక అతను టీవీ ముందు కూర్చుంటాడు, ఆమె స్టవ్ ముందు నిలబడుతుంది. ఇద్దరూ అలిసిపోయారని అందరికీ తెలుసు. కుర్చీ మాత్రం ఒకరికే దొరుకుతుంది.

శాలిని పని ఆ ఆస్పత్రి డేటాబేసును కనిపెట్టుకుని ఉండటం. రోగుల పేర్లు, పరీక్షల ఫలితాలు, డాక్టర్లు రాసుకున్న మాటలు, బిల్లులు అన్నీ అందులోనే. పామర్రులో, కంకిపాడులో ఉన్న క్లినిక్కులు కూడా దానిలోంచే తోడుకుంటాయి. ఎక్కడో ఒకచోట అడ్డం పడితే అన్నిచోట్లా జనం నిలబడిపోతారు. ఈ మధ్యనే యాజమాన్యం ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించింది. అది డేటాబేసు నాడి పట్టుకుని చూస్తుంది. అంతా సవ్యంగా నడుస్తుంటే తెర మీద గీత పచ్చగా పాకుతుంది. ఎవరైనా మోయలేని పని నెత్తిన పెడితే ఎర్రగా లేస్తుంది. ఆ ఎరుపు మీద నొక్కితే ఏ కంప్యూటర్ నుంచి, ఎవరు, ఏమని అడుగుతున్నారో అక్షరాలతో సహా చూపిస్తుంది. ఆ పనిని అక్కడికక్కడే ఆపెయ్యడానికి ఒక బటన్ కూడా ఉంది. మేనేజరు సంజీవరావు గారికి మాత్రం రంగు తప్ప మరేదీ పట్టదు. "పచ్చగా ఉందా అమ్మా? చాలు" అంటారు తలుపు దగ్గర నుంచే.

శాలిని భయస్తురాలు. చిన్నప్పుడు కంకిపాడులో వాళ్ళమ్మ సీతమ్మ "ఆడపిల్లకి భయముండాలి" అని ఎంత నూరిపోసిందంటే, పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు కూడా ముందు ఏడ్చి తర్వాత నంబరు చూసుకుంది. "ఒట్టి పిరికిది" అని యేసుకుమార్ బంధువుల ముందు నవ్వుతూ చెబుతాడు, అదేదో తను చేయించిన నగ అయినట్టు. నిజానికి ఆ భయమే ఆమెకు అన్నం పెడుతోంది. ధైర్యవంతులు బ్యాకప్ సరిగ్గా వచ్చిందో లేదో రెండోసారి చూడరు. శాలిని మూడోసారి కూడా చూస్తుంది.

మధ్యాహ్నం క్యారేజీ కడిగి వచ్చి కూర్చునేసరికి గీత ఎర్రగా లేచి ఉంది. మామూలుగా ఏ ఫార్మసీ వాళ్ళో పాత స్టాకు రిపోర్టు అడిగినప్పుడు అలా లేస్తుంది. అలవాటుగా నొక్కింది. ప్రశ్న తెరుచుకుంది. పేరు: శాలిని. స్త్రీ. ఎక్కడ వెతకాలి: గైనిక్ విభాగం ఫైళ్ళన్నిట్లో. ఇంటిపేరు గడి ఖాళీ. అడుగుతున్నది బిల్లింగ్ ఇన్‌ఛార్జి కంప్యూటర్.

ఏసీ గదిలో ఆమెకు చెమటలు పట్టాయి. మంచినీళ్ళ సీసా పక్కనే ఉంది గానీ చెయ్యి అటు వెళ్ళలేదు. మౌస్ మీదే ఉండిపోయింది, తీస్తే ఏదో జరిగిపోతుందన్నట్టు.

ఆ సాఫ్ట్‌వేర్ జరుగుతున్నదే కాదు, జరిగిపోయినది కూడా దాచిపెడుతుంది. శాలిని వెనక్కి వెళ్ళి చూసింది. ఆ కంప్యూటర్ నుంచే, కొన్నాళ్ళుగా, భోజనాల వేళ దాటాక. పరసా శాలిని. పరసా అన్న అత్తింటి పేరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులు పుట్టించవచ్చో అన్నీ పుట్టించాడు. ఒక ఎస్ పెట్టి, రెండు పెట్టి, చివర ఎ తగిలించి, తీసేసి. శాలినికి హెచ్ ఉంచి, లేకుండా. అంత ఓపికగా అతను ఏ పనీ చెయ్యగా ఆమె చూడలేదు. బాత్‌రూం కుళాయి కారుతోందని పెళ్ళయినప్పటి నుంచీ చెబుతూనే ఉంది.

ఒక్క స్పెల్లింగు మాత్రం అతను ప్రయత్నించలేదు. చాట్ల. పెళ్ళికి ముందు ఈ మనిషికి ఇంకో ఇంటిపేరు ఉండేదన్న సంగతే అతనికి తట్టలేదు. శుభలేఖ మీద చదివి ఉంటాడు, ఆ శుభలేఖతో పాటే మర్చిపోయి ఉంటాడు. తనకు తెలిసిన పాత ఫైలు తప్ప మరేదీ దొరక్క, చివరికి విసుగెత్తి ఇవాళ ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేశాడు. అంటే ఈ ఆస్పత్రి మెట్లెక్కిన శాలినులందరూ వరసగా వచ్చి అతని ముందు నిలబడతారు. అందులో చాట్ల శాలిని కూడా ఉంటుంది. వయసు కలుస్తుంది, ఊరు కంకిపాడు అని ఉంటుంది. ఆ పేరు పక్కన డాక్టరమ్మ రాసిన ఒకే ఒక్క మాట ఉంటుంది: కాపర్-టీ.

కడుపు రాకుండా అది పెట్టించుకున్నది శాలినే. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

అంతకుముందు ఆమెకు ఆరో నెలలో కడుపు పోయింది. పామర్రులో అత్తవారి చర్చిలో పండగ కూడిక. ప్రేమవిందుకు అన్నం గుండిగలు దించుతుంటే నడుములో ఏదో తెగినట్టయింది. "నీళ్ళు తాగి కాసేపు కూర్చో, సర్దుకుంటది" అంది అత్తగారు. కూర్చుంది, సర్దుకోలేదు. విజయవాడ దాకా కారు వెనక సీట్లో పడుకుని వచ్చింది. కంకిపాడు దాటుతున్నప్పుడు అమ్మను చూడాలనిపించింది గానీ అడగడానికి నోరు రాలేదు. ఆస్పత్రిలో నర్సు ఎవరితోనో "బీపీ అందట్లేదండీ" అనడం వినిపించింది. అప్పుడు ఆమెకు నొప్పి లేదు. పాదాల దగ్గర మొదలై చలి పైకి పాకుతోంది, అది మోకాళ్ళు దాటితే ఇక తను ఉండదని తెలిసిపోతోంది. ఆ చలి ఆమెను ఇప్పటికీ వదల్లేదు. గోంగూర కోస్తున్నప్పుడు, బండి వెనక కూర్చున్నప్పుడు, ఉన్నట్టుండి పాదాల దగ్గర మొదలవుతుంది.

"కొన్నేళ్ళు ఆగాలి, మళ్ళీ ఇప్పుడే వద్దు" అని డాక్టరమ్మ యేసుకుమార్‌కు విడమరిచి చెప్పింది. "డాక్టర్లు అలానే అంటారులేమ్మా" అని అతను తల్లికి చెప్పాడు. "మేం పొలంలో కని ఇంటికొచ్చి ఎసరు పెట్టినోళ్ళం" అంది సువార్తమ్మ. ఒళ్ళు పచ్చి ఆరకముందే మళ్ళీ అడగడం మొదలైంది. నీకు భయంగా ఉందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. పిరికిదని అందరికీ తెలిసినప్పుడు ఇంక అడిగేదేముంది?

ఒక మధ్యాహ్నం ఆమె పై అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగి గైనిక్ వార్డుకు వెళ్ళింది. కౌంటరులోని అమ్మాయి "పేరండీ?" అంది. "చాట్ల శాలిని" అని నోట్లోంచి అదంతట అదే వచ్చింది. చాలా రోజుల తర్వాత ఎవరో తెలిసినవాళ్ళు పిలిచినట్టనిపించింది. డాక్టరమ్మ "ఆయనకి చెప్పావా?" అంది. "చెప్తానండీ" అంది. ఆ చెప్పడం ఇవాళ్టికీ కుదరలేదు.

అప్పటినుంచీ ఇంట్లో బిడ్డ కోసం ఉపవాస ప్రార్థనలు. శుక్రవారం శుక్రవారం సువార్తమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా మోకాళ్ళ మీద ఉంటుంది. పాస్టరుగారు వచ్చి శాలిని తల మీద నూనె రాసి ప్రార్థిస్తారు. కళ్ళు మూసుకుని ఆమె కూడా ప్రార్థిస్తుంది, ప్రభువా నన్ను బయటపెట్టకు అని. పక్క గదిలో ఒకరు ఒకటి అడుగుతుంటే ఈ గదిలో ఇంకొకరు దానికి ఎదురు అడుగుతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం, అని ఒకసారి నవ్వొచ్చి, ఆ నవ్వుకే వణికిపోయింది.

పోయిన నెల చర్చి మెట్ల మీద రావమ్మ, అదే ఆస్పత్రిలో ఆయా, "మీ కోడల్ని డాక్టరమ్మ గది కాడ చూశానొదినా, ఏవన్నా విశేషమా?" అని సువార్తమ్మను అడిగింది. పాపం మంచి మనసుతోనే అడిగింది. ఆ రాత్రి అన్నాల దగ్గర యేసుకుమార్ మామూలుకన్నా తక్కువ మాట్లాడాడు. తినడం మాత్రం మామూలుగానే తిన్నాడు.

బల్ల మీద ఫోను మోగింది. శాలిని ఉలిక్కిపడింది.

"శాలినీ, ఏంటే మీ సిస్టమ్ ఇంత స్లోగా చస్తంది?" యేసుకుమార్ గొంతు. "అరగంటై తిరుగుతానే ఉంది. కొంచెం చూసి స్పీడు చెయ్యి."

"ఏం... ఏం చూస్తున్నారండీ?"

"ఏదోలే, పాత బిల్లు. నీకెందుకు? అడిగింది చెయ్యి."

"చూస్తానండీ" అంది. అలవాటు అంత గట్టిది. తనని పట్టుకోవడానికి వేసిన వల త్వరగా లాగమని తననే అడుగుతున్నాడు, ఆమె సరేనంది కూడా.

ఫోను పెట్టేలోపే సంజీవరావు గారు తలుపు తోసుకుని వచ్చారు. "ఏంటమ్మా ఎర్రగా ఉందంట? కింద కౌంటర్ల దగ్గర జనం తోసుకుంటన్నారు." తెర మీదికి వంగి చూశారు. ఆయన కళ్ళు ప్రశ్న మీద కాదు, దాని కింద సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసిన సలహా మీద పడ్డాయి. ఈ వెతుకులాట తరచుగా జరుగుతోంది, పేరు గడికి ఒక ఇండెక్స్ కట్టుకుంటే ఇకముందు క్షణాల్లో దొరుకుతుంది, కట్టమంటారా? అని. "చూశావా, అదే చెప్తంది. నొక్కెయ్, పనైపోద్ది. మనం బుర్ర చించుకోవాల్సిన పనే లేదమ్మా" అని మురిసిపోయి ఆయన టీకి వెళ్ళారు.

శాలిని ఒంటరిగా మిగిలింది. సలహా పక్కన సరే అన్న బటన్ మెరుస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నొక్కితే క్షణంలో దొరికిపోతుంది. నొక్కకపోయినా ఇంకాసేపట్లో దొరికిపోతుంది. అతని వెతుకులాటను ఆపేస్తే రేపు మళ్ళీ మొదలుపెడతాడు. తన ఫైలును చెరిపేస్తే? ఆ శక్తి తన చేతిలో ఉంది. ఆ తలపు వచ్చినందుకే ఆమెకు తనంటే భయం వేసింది. చెరిపేస్తే ఆ రోజు మెట్లు దిగి వెళ్ళిన మనిషి కూడా లేకుండా పోతుంది. ఆమె చేసిన ఒకే ఒక్క ధైర్యం పని అది.

సాఫ్ట్‌వేర్ తరచుగా అన్న మాట దగ్గర ఆమె ఆగింది. ఒక్క యేసుకుమార్ వెతికితేనే తరచుగా అవుతుందా? మళ్ళీ వెనక్కి వెళ్ళింది, ఈసారి కౌంటర్లన్నిటిదీ చూసింది. జీవరత్నం. ఇష్రత్. ఆఫ్రీన్. అన్నీ ఆడపేర్లే, అన్నీ గైనిక్ ఫైళ్ళలోనే. బిల్లు కట్టించుకోవడానికి కౌంటరు వాళ్ళకు రోగి నంబరు చాలు. పేరు పట్టుకుని వెతికేది బిల్లు కోసం కాదు. ఎవరి కోడలికి ఏమైందో, ఎవరింటికి సంబంధం అడగబోతున్న పిల్ల ఎందుకొచ్చి వెళ్ళిందో, కాపలా ఉండాల్సినవాళ్ళే తీరిగ్గా చదువుకుంటున్నారు. కంచే చేను మేస్తోంది. ఆ ఇష్రత్ ఎవరో శాలినికి తెలియదు. కానీ ఆ అమ్మాయి కూడా ఎక్కడో ఒకచోట పాదాలు చల్లబడి కూర్చుని ఉంటుందనిపించింది. అంతవరకూ తన భయం తనొక్కదానిదే అనుకుంది.

ఇండెక్స్ సలహాకు వద్దు అని నొక్కింది. బిల్లింగ్ కౌంటర్లన్నిటికీ గైనిక్ ఫైళ్ళు చూసే అనుమతి తీసేసింది. సంజీవరావు గారు టీ తాగి వచ్చి "ఎవర్నడిగి చేశావ్?" అంటారు. ఉద్యోగం పోతుందేమో. ఇది యేసుకుమార్ పెట్టించిన ఉద్యోగం, ఆ మాట పండక్కీ పబ్బానికీ ఇంట్లో వినబడుతూనే ఉంటుంది. అన్నీ తెలుసు. తెలిసే ఎర్ర గీత మీదకు తిరిగి వెళ్ళి, అతని వెతుకులాటను ఎంచుకుని, ఆపు అని నొక్కింది. గీత నేలకు దిగింది. పచ్చగా పాకడం మొదలుపెట్టింది.

ఫోను వెంటనే మోగింది. తియ్యకపోతే బాగుండుననిపించింది. తీసింది.

"ఏంటే ఇది? వచ్చేస్తందనగా తెర మీద ఏదో పడి ఆగిపోయింది!"

"ఆగిపోలేదండీ. నేను ఆపాను."

"నువ్వాపడమేంటి? ఎవరు చెప్పారు నీకు? ఏం చేస్తన్నావో తెలుస్తందా?"

పాదాల దగ్గర ఆ చలి మొదలైంది. పైకి పాకుతోంది. కాళ్ళు రెండూ కుర్చీ కిందకి లాక్కుని, ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"తెలుస్తోందండీ" అంది. "మీరు వెతుకుతున్నదీ, అత్తయ్య ఉపవాసాలుండి అడుగుతున్నదీ, రెండూ నేనే ఆపాను."