కుట్టులో పడ్డ ఊపిరి

ఆ దుకాణంలో చొక్కా కుట్టించుకునేవాళ్ళు కాలరు ఎలా ఉండాలో, జేబులు ఎన్ని కావాలో చెప్పాక చివర్లో తప్పకుండా ఒక మాట అడిగేవారు: "ఎవరు కుడతారు?"

అడగాల్సిన మాటే. కుట్టేవాళ్ళ ఊపిరి కుట్టేటప్పుడు ఎలా ఉంటే, తొడుక్కున్నవాళ్ళ ఊపిరీ అలాగే నడిచేది. కొత్త గుడ్డ ఉతికితే కాస్త ముడుచుకుంటుందన్నంత మామూలు సంగతి అది. ఒకసారి దుకాణం మాస్టరు ఎక్కిళ్ళతో అవస్థ పడుతూనే ఒక లాయరుకి కోటు కుట్టి ఇచ్చాడు. లాయరు ఆ కోటుతో కోర్టులో నిలబడి మాటకో ఎక్కిలి చొప్పున వాదిస్తుంటే, అవతలి లాయరు నవ్వు ఆపుకునే శ్రమలో తన వాదన మర్చిపోయాడు. కేసు గెలిచినాయన మర్నాడే వచ్చి, "మాస్టరూ, మళ్ళీ ఎప్పుడైనా ఎక్కిళ్ళొస్తే నాకు కబురు పెట్టండి, ఇంకో కోటు ఉంది" అన్నాడు.

కొలతలు తీసేదీ కత్తిరించేదీ మాస్టరు. ఎక్కువ భాగం కుట్టేది ఎక్స్‌ప్రెస్. కుట్టే వేగం చూసి జనం పెట్టిన పేరది. ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది తమ్ముడికి తప్ప ఎవరికీ తెలీదు. వాడు కూడా అక్కా అనే పిలుస్తాడు.

ఎక్స్‌ప్రెస్ మిషను ముందు కూర్చుంటే భుజాలు చెవులకి తగిలేవి. నోరు కొంచెం తెరుచుకునేది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు బిగబట్టిన ఊపిరిని కాలరు మలుపు దాటేదాకా వదిలేది కాదు. దాటాక ఎండలో పరిగెత్తొచ్చిన కుక్కపిల్లలా రొప్పి, మళ్ళీ బిగబట్టేది. సాయంత్రానికి మెడ పట్టేసేది, తల దిమ్మెక్కేది. దానికి ఆమె మిషన్ని తిట్టేది.

ఇల్లిల్లూ తిరిగి సామాన్లు అమ్మేవాళ్ళకి మాత్రం ఆమె చొక్కాలంటే ప్రాణం. అవి తొడుక్కుంటే అవతలివాళ్ళు వద్దు అనేలోపు ఒక్క గుక్కలో నాలుగు వస్తువుల గొప్పలు చెప్పేయొచ్చు.

ఒకరోజు పొద్దున్నే ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చి తన తెల్లకోటు బల్ల మీద పెట్టింది.

"ఇది కుట్టిందెవరమ్మా?"

"నేనే మేడమ్. బిగుతైందా?"

"కొలత బాగానే ఉంది. తొడుక్కుంటే నాకే ఆయాసం. నిన్న ఒక పెద్దాయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను. ఆయన నా నాడి పట్టుకుని, 'ముందు నువ్వు కూర్చో తల్లీ, కాసిని నీళ్ళు తాగు' అన్నాడు."

మాస్టరు నవ్వు దాచుకోవడానికి టేపు వెతుక్కున్నాడు. టేపు ఆయన మెడలోనే ఉంది.

"నవ్వకండి మాస్టరుగారూ. నువ్వు ఊపిరి దేంతో తీస్తావమ్మా?"

"ముక్కుతోనే అనుకుంటా మేడమ్."

"నోటితో. వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టు, ఒకటి పొట్ట మీద. పై చెయ్యి ఊరుకోవాలి, కింది చెయ్యి లేవాలి. ముక్కుతో తీసుకో, ముక్కుతోనే వదులు. వదలడం ఇంకా నిదానంగా ఉండాలి. వదిలేటప్పుడే గుండె కాస్త నెమ్మదిస్తుంది. భుజాలు దించు. గాలి పీల్చడం వాటి పని కాదు."

"మరి కాలరు మలుపు దగ్గర?"

"అక్కడా అంతే. కాలరు కోసం ఊపిరి ఆపుకోనక్కర్లేదు."

ఎక్స్‌ప్రెస్ ఆ పాఠాన్ని మహా శ్రద్ధగా నేర్చుకుని మహా ఘోరంగా పాటించింది. ఏ పనైనా ఎంత ఎక్కువ చేస్తే అంత మంచివాళ్ళని మనకు ఊహ తెలిసినప్పట్నుంచీ నూరిపోశారు కదా. మర్నాడు ఆమె కొలిమి తిత్తిలా గాలి లాగి, కొలిమి తిత్తిలా వదులుతూ, ఒక రిటైరైన హెడ్మాస్టరు గారి చొక్కా కుట్టింది. మధ్యాహ్నానికి ఆమె వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, తల గాల్లో తేలింది. ఆ చొక్కాతో హెడ్మాస్టరు గారు బ్యాంకు క్యూలోకి వెళ్ళి, ఉన్నట్టుండి నేల మీద కూర్చుండిపోయి, ముందున్నాయన చొక్కా అంచు పట్టుకుని, "నాయనా, నేను నీకు ఏ క్లాసులో పాఠం చెప్పాను?" అని అడిగాడు. ఆ ముందున్నాయన బ్యాంకు చూడ్డానికి వచ్చిన విదేశీయుడు.

"పెద్దగా అన్లేదమ్మా, మెల్లగా అన్నాను," అంది డాక్టరమ్మ ఈసారి. "అవసరానికి మించి గాలి తోస్తే, ఒంట్లో కాస్త ఉండాల్సిన బొగ్గుపులుసు వాయువు కూడా బయటికి పోతుంది. అందుకే తల తిరిగింది. మంచి ఊపిరి పక్కవాళ్ళకి వినపడదు."

అప్పుడు దారిలో పడింది. మెల్లగా మెడ నొప్పి తగ్గింది. మిషన్ని తిట్టడం తగ్గింది. సరిగ్గా అప్పుడే బిస్కెట్ల ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు.

ఆయన ఇంటికి ఎవడో దువ్వెనలు అమ్మడానికి వచ్చి, ఆయన గుమ్మం దాటి వచ్చేలోపు వీధంతా అమ్మేసి పోయాడట. ఆ చొక్కా ఎక్కడ కుట్టించాడో ఆరా తీసి వచ్చాడు.

"ప్యాకింగు హాల్లో పనివాళ్ళందరికీ యూనిఫారాలు కావాలి. అన్నీ ఈవిడే కుట్టాలి. పాత పద్ధతిలో."

"పాత పద్ధతంటే సార్?" అన్నాడు మాస్టరు.

"ఆ రొప్పే పద్ధతి. మా వాళ్ళు మరీ తీరిగ్గా ఊపిరి తీసుకుంటున్నారు."

ఉత్పాదకత అని పెద్ద పెద్ద సభల్లో కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పేది ఇదే. మనిషి ఊపిరిలోంచి కాస్త కత్తిరించి యజమాని జేబుకి అంచు వేయడం. కాకపోతే వాళ్ళు బొమ్మలు గీసి చూపిస్తారు, ఈయన నేరుగా దర్జీ దగ్గరకి వచ్చాడు. ఆ మేరకు నిజాయితీపరుడే.

మాస్టరు మాత్రం సంతోషం పట్టలేక, మేనేజరుకి ఒక కోటు ఊరికే కుట్టిస్తానని కూడా అనేశాడు. ఆయన బాధ ఆయనది. ఎదురుగా రెడీమేడ్ బట్టల షాపు పడ్డాక దుకాణానికి వచ్చేవాళ్ళు సగమయ్యారు.

"ఇది చేజారితే నీ మిషనూ ఉండదు, నా కత్తెరా ఉండదు ఎక్స్‌ప్రెస్," అన్నాడు.

ముందుగా ఒక్క మచ్చు చొక్కా కావాలన్నారు. ఒక్కటే కదా అని ఎక్స్‌ప్రెస్ భుజాలెత్తి, నోరు తెరిచి, పాత పద్ధతిలో కుట్టి ఇచ్చింది. ఆ చొక్కాని మేనేజరు ప్యాకింగు బెల్టు దగ్గర నిలబడే ఒక కుర్రాడికి తొడిగించాడు. ఆ కుర్రాడు ఎక్స్‌ప్రెస్ తమ్ముడు.

ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి కూర్చోలేదు. ఇల్లు ఊడ్చాడు. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చాడు. అన్నం నిలబడి, నమలకుండా మింగాడు. గిన్నెలు తోమి, పక్కింటివాళ్ళ తలుపు తట్టి, వాళ్ళ గిన్నెలు కూడా ఇమ్మన్నాడు.

"ఏమైందిరా నీకు?"

"ఏం కాలేదక్కా ఇద్దరి పని నేనొక్కణ్ణే చేశాను మేనేజరు చప్పట్లు కొట్టాడు బెల్టు దగ్గర నా పక్కన నిలబడే బాబాయి మాత్రం నా పనీ నువ్వే చేస్తే రేపు నన్నెందుకు రానిస్తార్రా అన్నాడు ఇంకేమన్నా తోమాలా?"

ఎక్స్‌ప్రెస్ వాడి వీపు మీద చెయ్యి వేసింది. లోపల తన మిషనే నడుస్తోంది. అదే రొప్పు, కాలరు మలుపు దగ్గర ఆపుకున్నట్టు అదే ఆగడం, దాని వెనకాల గుండె దడదడ.

"విప్పెయ్‌రా అది."

"విప్పితే రేపు గేటు దగ్గరే ఆపేస్తానన్నాడక్కా."

"గుండె కొట్టుకుంటోంది చూడు."

"గుండె పనే అది కదా."

"ఇలా కాదురా."

బలవంతంగా విప్పించాక వాడు ఉన్నచోటే కూలబడి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. వేళ్ళు ఇంకా ప్యాకెట్లు సర్దుతూనే ఉన్నాయి.

పొద్దున ఆమె దుకాణానికి వెళ్ళగానే మాస్టరుతో తేల్చి చెప్పింది. "యూనిఫారాలు కుడతాను. పాత పద్ధతిలో మాత్రం కుట్టను."

"ఆయన అడిగిందే అది కదమ్మా."

"ఆయన గుడ్డ అడగమనండి, రంగు అడగమనండి. ఊపిరి నాది మాస్టరూ. తొడుక్కునేది నా తమ్ముడు."

"దుకాణం పోతుంది."

"పోతే పోతుంది. ఆ హాల్లో ఎవడైనా గుండె పట్టుకుని పడిపోతే, పోస్టుమార్టంలో నా కుట్టే కనపడుతుంది."

మాస్టరు సుద్దముక్కతో చెవి గోక్కున్నాడు. చెవి తెల్లబడింది. ఎదురుగా రెడీమేడ్ షాపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, గుడ్డ పరిచి కత్తెర అందుకున్నాడు.

"నువ్వేం చెప్పావో నాకు వినపడలేదు. కటింగులో ఉన్నాను. కత్తెర చప్పుడు ఎక్కువ."

ఎక్స్‌ప్రెస్ కిటికీ పక్కకి మిషను జరుపుకుని మొదలుపెట్టింది. ముక్కుతో తీసుకుని, మెల్లగా వదులుతూ, వదిలే ఊపిరి పొడవునా ఒక్కో కుట్టు. నిదానంగా కుడితే గడువు దాటుతుందని భయపడింది గానీ, దాటలేదు. ఇదివరకు కంగారులో వంకర కుట్టి, ఊడదీసి, మళ్ళీ కుట్టే పని ఇప్పుడు లేదు మరి. మేనేజరు కోటు అన్నిటికంటే శ్రద్ధగా కుట్టింది.

యూనిఫారాలు తొడుక్కున్న మొదటి రోజున ప్యాకింగు హాల్లో బెల్టు దాని వేగంతో నడిచింది, మనుషులు మనుషుల వేగంతో నడిచారు. బెల్టు చివర బిస్కెట్ల ప్యాకెట్లు గుట్ట పడ్డాయి. మేనేజరు గొంతు చించుకున్నాడు. పాలకి ఏడ్చే పసివాణ్ణి చూసినట్టు అందరూ జాలిగా చూశారు. సాయంత్రం ఓవర్‌టైము సైరను మోగితే, తమ్ముడి పక్కన ఉండే బాబాయి నింపాదిగా గాలి వదిలి, "ఈ పూటకి చాల్లెండి సార్," అన్నాడు. ఆయన సర్వీసంతటిలో మేనేజరుతో మాట్లాడిన మొదటి వాక్యం అది. అందరూ ఇళ్ళకి పోయారు.

మర్నాడు మేనేజరు, మిగిలిన యూనిఫారాల మూట తమ్ముడి నెత్తిన పెట్టించి, దుకాణం మీదికి వచ్చాడు.

"మోసం. ఇది శుద్ధ మోసం. ఏదీ, కుట్టిందెవరు?"

"నేనే సార్," అంది ఎక్స్‌ప్రెస్, మిషను ఆపి.

"అక్కా, మంచినీళ్ళున్నాయా?" అన్నాడు తమ్ముడు మూట దించి.

"అక్కా? ఓహో, ఇదంతా కుటుంబ వ్యవహారమన్నమాట. ఒక్క పైసా ఇవ్వను. నిన్ను కోర్టుకీడుస్తా. ఈ దుకాణానికి తాళం వేయిస్తా."

"అలాగే వేయించండి సార్," అన్నాడు మాస్టరు. "మీ కోటు మాత్రం తయారైంది. ఒక్కసారి తొడుక్కు చూడండి, భుజం దగ్గర అనుమానంగా ఉంది."

ఊరికే వచ్చే కోటుని కోపంలో కూడా ఎవరూ కాదనరు. మేనేజరు తొడుక్కున్నాడు.

"మీ మీద..." అని గొంతెత్తాడు. కేక వేయాలంటే ఊపిరి ఛాతీ పైకి ఎగదన్నాలి. ఈయన ఊపిరి పొట్టలోకి దిగింది. "మీ మీద కేసు..." గాలి ముక్కులోంచి మెల్లగా బయటికి పోయింది. దాంతోపాటే భుజాలు దిగాయి. "...పెట్టి మాత్రం ఏం చేస్తాంలే."

అద్దంలో తన మొహం చూసుకున్నాడు. చాలా కాలంగా కనపడని దూరపు చుట్టం ఎదురైనట్టు చూసుకున్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"అవునబ్బాయ్, మన హాల్లో అంత ఉక్కగా ఉంటుందేం?"

"కిటికీలకి మేకులు కొట్టించారు సార్."

"ఎవరు?"

"మీరే సార్. బయటికి చూస్తూ చేతులు ఆపేస్తామని."

మేనేజరు ఆ మాట గురించి పూర్తిగా ఒక ఊపిరి తీసుకుని, వదిలేంతసేపు ఆలోచించాడు. "తీయించెయ్."

"తీయిస్తాను సార్. అయ్యేదాకా మీరు కోటు విప్పకండి. మీకు బాగుంది."

మేకులు ఊడాయి. హాల్లోకి గాలొచ్చింది. ఓవర్‌టైము, ఇష్టమైనవాళ్ళకే అయింది. కాకపోతే ఉక్కపోసినప్పుడల్లా మేనేజరు కోటు విప్పి కుర్చీకి తగిలించేవాడు, తగిలించగానే మళ్ళీ మొదలుపెట్టేవాడు. అందుకని పనివాళ్ళంతా సమావేశమై, ఏకగ్రీవంగా తీర్మానించి, వంతులు వేసుకుని ఆయన గదిలో ఏసీ చల్లదనం పెంచడం మొదలుపెట్టారు. ఆయన కోటు గుండీలు కూడా పెట్టుకుని కూర్చునేవాడు. చలితో విజయం సాధించిన ఉద్యమం బహుశా అదొక్కటే.

రెండో జత యూనిఫారాలకి ఆర్డరు వచ్చిన రోజున తమ్ముడు పని దిగి నేరుగా దుకాణానికి వచ్చి, బెంచీ మీద కూర్చుని అన్నం డబ్బా విప్పాడు. ఒక్కో ముద్దా నమిలి తిన్నాడు. తిని, గోడకి జారబడి, యూనిఫారంలోనే నిద్రపోయాడు. పొట్ట మీది గుండీ మెల్లగా లేచి, ఇంకా మెల్లగా దిగుతోంది. ఎక్స్‌ప్రెస్ మిషను ఆపి చాలాసేపు ఆ గుండీనే చూసింది.

"ఇదిగో ఎక్స్‌ప్రెస్," అన్నాడు మాస్టరు. అని, నాలిక్కరుచుకున్నాడు. "ఆ పేరుతో చిక్కొచ్చిపడిందమ్మా. జనం స్పీడు చొక్కాలనుకుని వస్తున్నారు. నిన్న దువ్వెనలవాడు కొత్త చొక్కా తొడుక్కెళ్ళి, ఎవరింట్లోనో కూర్చుని వాళ్ళ కష్టాలన్నీ విని, ఒక్క దువ్వెనా అమ్మకుండా వచ్చాడట. నా మీద కేకలేయబోయి అదీ వేయలేకపోయాడు. ఇంతకీ నీ అసలు పేరేంటి?"

ఆమె సూదిలోకి దారం ఎక్కించింది. ఊపిరి బిగబట్టలేదు. ముక్కుతో తీసుకుని, తొందర లేకుండా చివరిదాకా వదిలి, అప్పుడు చెప్పింది.