సుడులు కలవని గుర్రం

ఆ పందెపు క్లబ్బులో గుర్రాలు మాట్లాడతాయి. కాకపోతే యజమానితో తప్ప మరొకరితో మాట్లాడవు. మణెమ్మ ఒక ఆడగుర్రాన్ని తన పేరిట రాయించుకోవడానికి వచ్చింది అందుకే.

కాగితాల్లో దాని పేరు ఫస్ట్ మాన్‌సూన్. వానమ్మ అని పిలిచింది మణెమ్మ భర్త భూమేశ్ ఒక్కడే. భూమేశ్ జాకీ. కిందటి వానాకాలం పందెంలో, ఆఖరి మలుపు దగ్గర, దీని వీపు మీద నుంచే పడి చనిపోయాడు. ఆ రోజు నుంచి గుర్రం పరుగు మానేసింది. పరుగెత్తని గుర్రాన్ని పాత యజమాని వదిలించుకుంటున్నాడు. సాయంత్రంలోగా ఎవరూ రాయించుకోకపోతే లారీ వస్తుంది. లారీ ఎక్కిన గుర్రాలు ఎక్కడ దిగుతాయో ఎవరూ అడగరు.

మణెమ్మకు గుర్రం మీద జాలేమీ లేదు. దాన్ని ఒకే ఒక్క మాట అడగాలి: నా మొగణ్ణి ఎందుకు పడేసినవ్? జవాబు విన్నాక ఆ లారీ తానే ఎక్కించేస్తుంది.

ఆఫీసులో కుర్చీలన్నీ గుర్రాలవి. మనుషులు గోడ వారన నిలబడి ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకున్న గుమాస్తా వామనరావు బల్ల వెనక నుంచి ఆమెను పిలుస్తాడు. వానమ్మ కుర్చీలోంచి లేచి ఆమె వెంట వస్తుంది.

"పాతాయన సంతకం పెట్టిండు. మీరు పెడితే అయిపాయె. గని అంతకుముందు డాక్టరమ్మ సుడులు చూడాలె," అంటాడు వామనరావు.

"సుడులెందుకు సారూ?"

"మనిషికి వేలిముద్రెట్లనో గుర్రానికి సుడి అట్ల. ఫొటో అబద్ధమాడొచ్చు. సుడి ఆడదు."

పశువుల డాక్టరు తబస్సుమ్ గుర్రం పాస్‌పోర్టు తెరుస్తుంది. అందులో గుర్రం బొమ్మ గీసి, సుడి ఉన్న ప్రతి చోటా ఒక గుర్తు పెట్టి ఉంది. ఆమె వేలితో వెతుక్కుంటూ పోతుంది. మెడ మీది సుడి కలిసింది. రొమ్ము మీది సుడి కలిసింది. నుదురు దగ్గర వేలు ఆగిపోతుంది.

"ఇక్కడ ఒకటే రాసుంది. రెండున్నయి."

నుదుటి జుట్టు పక్కకు తీసి చూపిస్తుంది. రెండు సుడులు పక్కపక్కనే తిరుగుతున్నాయి, కాలువ మలుపులో నీళ్ళు తిరిగినట్టు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. కొబ్బరినూనె వాసన వస్తోంది.

మణెమ్మ చేతిలో సంచి జారి కింద పడుతుంది. తీసుకోవాలని ఆమెకు తోచదు. ఆదివారం ఆదివారం భూమేశ్ తలకు నూనె పెట్టింది తనే. ఎడమ సుడి దగ్గర వెంట్రుకలు ఎంత అణిచినా లేచి నిలబడతాయని ఆమె వేళ్ళకు తెలుసు. ఇక్కడా నిలబడే ఉన్నాయి.

"ఇవి మా ఆయనవి," అంటుంది.

"రుజువు?" అంటాడు వామనరావు.

మణెమ్మ కళ్ళు మూసుకుంటుంది. ఆమె చెయ్యి గాలిలో లేచి, తడుముకోకుండా, రెండు వేళ్ళు రెండు సుడుల మీద వాలుతాయి. సుడులు తిరగడం ఆపి ఆమె వేళ్ళకు ఒదుగుతాయి.

"రుజువు సరిపాయె," అంటుంది తబస్సుమ్ నెమ్మదిగా.

వామనరావు లావుపాటి నిబంధనల పుస్తకం తిరగేస్తాడు. "రెండు సుడులున్నోనికి ఇద్దరు పెండ్లాలు. ఊర్లల్ల మాటవరసకంటరు. మా దగ్గర అది నిబంధన. మొదటామె మీరు. రెండో ఆమె..."

గోడ వారన ఉన్నవాళ్ళంతా వానమ్మ వైపు తిరుగుతారు. వానమ్మ కళ్ళు దించుకుంటుంది.

పెళ్ళిపీటల మీద అత్తగారు ఆ మాటే అన్నది. ఇంకోతెను తెస్తే కాళ్ళిరగ్గొడతానని మణెమ్మ నవ్వింది. పీటల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"గుర్రమా?" అంటుంది మణెమ్మ.

"గుర్రమే. తెల్లారకముందే లేచి ఎవరి దగ్గరికి పోయెటోడు?" అంటాడు వామనరావు.

మణెమ్మ గుర్రం నుదుటి వైపు చూస్తుంది.

"పండుగ నాడు గూడ పోయెటోడా?"

"పోయెటోడు," అంటుంది మణెమ్మ. చెంపదెబ్బ తిన్నదానిలా ఉంది ఆమె ముఖం. జ్వరమొచ్చిన రోజు కూడా పోయేవాడు. ఒళ్ళంతా గడ్డి వాసనతో తిరిగివచ్చేవాడు. వచ్చి, ఏమీ చెప్పకుండా అన్నం తినేవాడు. ఆ మౌనం అలసట అనుకున్నది ఆమె.

వామనరావు కలం మూత తీస్తాడు. "చూడమ్మా, గొడ్డును కొనొచ్చు. సవతిని కొనరాదు. మీకు రెండు తొవ్వలున్నయి. డాక్టరమ్మ ఆ సుడులను దువ్వి తీసేస్తది. అప్పుడిది ఉత్త గుర్రం. మీ పేర రాస్త. మీరేమడిగినా చెప్పి తీరాలె."

"తీసేస్తె అవి యాడికి పోతయి?"

"దువ్వినంక ఏముంటదమ్మా? ఉండయి."

"ఇంకో తొవ్వ?"

"సుడులట్లనె ఉంటయి. మీరిద్దరు ఒక్కింటోళ్ళని రాస్త. గని అప్పుడు మీరు యజమాని గాదు. అడిగితె చెప్పుడు, చెప్పకపోవుడు దాని ఇష్టం."

బయట లారీ హారన్ మోగుతుంది. తబస్సుమ్ ఇనుప పళ్ళ బ్రష్షు చేతిలోకి తీసుకుంటుంది. అది దగ్గరికి రాగానే సుడులు రెండూ భయపడిన పిల్లల్లా ఒకదానికొకటి అంటుకుపోతాయి.

మణెమ్మ ఆ జవాబు కోసం ఇన్ని నెలలు సరిగ్గా నిద్రపోలేదు. ఆయన చొక్కాలు పంచిపెట్టింది. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు కూడా చీపురుతో ఊడ్చి పారబోసింది. ఇక ఈ భూమ్మీద ఆయనది మిగిలిందంటే ఈ పాడు గుర్రం నుదుటి మీదే.

బ్రష్షు పళ్ళు మొదటి వెంట్రుకలను తాకుతాయి.

"వద్దు!" మణెమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుంటుంది. ఆ అరుపుకు అందరికన్నా ఎక్కువ ఆమే ఉలిక్కిపడుతుంది. "దువ్వకుర్రి. ఉండనియ్యిర్రి. ఒక్కింటోళ్ళమనే రాయిర్రి."

వామనరావు రాస్తాడు. మణెమ్మ సంతకం పెడుతుంది. వానమ్మ కలాన్ని పళ్ళతో పట్టుకుని తనూ పెడుతుంది. దాని అక్షరాలు మణెమ్మ అక్షరాలకన్నా గుండ్రంగా ఉన్నాయి. మణెమ్మ ఆ అక్షరాల వంక చాలాసేపు చూస్తుంది.

బయట లారీ డ్రైవరు ఖాళీ లారీకి తలుపులు బిగిస్తాడు. ఖాళీదైనా లోపల నుంచి ఏదో తన్నుతున్న చప్పుడు వస్తుంది. అతను లెక్కచేయకుండా బండి నడుపుకుంటూ పోతాడు.

మణెమ్మ తాడు పట్టుకుని గేటు వైపు నడుస్తుంది. వానమ్మ పందెపు బాట వైపు లాగుతుంది.

"ఇటే, ఇటు రా," అంటుంది మణెమ్మ.

వానమ్మ రాదు. మణెమ్మ తాడు వదలదు. అలా లాక్కుంటూ ఇద్దరూ బాట మీదికి వస్తారు. అడిగే అధికారం లేదని తెలిసీ మణెమ్మ అడుగుతుంది. "ఎందుకు పడేసినవే? నిన్నేమన్నడని? తన కడుపు మాడ్చుకుని నీకు పెట్టెటోడు గదనే!"

గుర్రం నడుస్తూనే ఉంటుంది. జవాబు చెప్పదనే అనుకుంటుంది మణెమ్మ.

"పడలే," అంటుంది వానమ్మ. దాని గొంతు బొంగురుగా, చాలాకాలం వాడనట్టుంది. "ఇంకా పడలే, అక్కా."

ఆఖరి మలుపు దగ్గర ఒక ముసలామె కొడవలితో గడ్డి కోస్తోంది. ఆమె తలకు చాలా పైన, గుర్రం వీపుకన్నా ఎత్తులో, గాలిలో, భూమేశ్ ఉన్నాడు.

ఒక పక్కకు ఒరిగి, మోకాళ్ళు ముడుచుకుని, లేని కళ్ళెం కోసం చెయ్యి చాచి ఉన్నాడు. గోరు పెరిగినంత మెల్లగా కిందికి దిగుతున్నాడు. పట్టు చొక్కా ఎండ పడిన వైపు వెలిసిపోయింది. నోరు సగం తెరిచి ఉంది. కళ్ళు ఆర్పడం మొదలుపెట్టాడు గానీ రెప్పలింకా కిందికి చేరలేదు.

మణెమ్మ నేల మీద చతికిలబడిపోతుంది.

"మెల్లగ, బిడ్డా," అంటుంది ముసలామె. "మేము మిషన్ బెట్టం ఈడ. కొడవలితోనే కోస్తం, గాలి తగలకుండ."

"నాకెందుకు చెప్పలే?"

"నీకెర్కనే అనుకున్నం. పాడె మోసినోళ్ళు బరువే లేదన్నరు గదా."

అన్నారు. జాకీలు అంతేనని, నోరు కట్టుకుని బతికిన ప్రాణమని, అందరూ తలా ఒక మాట అనుకున్నారు. గుడ్డ తీసి చూడాలని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు. మణెమ్మ లేచి, మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి చాచి ఆయన బూటు ఊడిన పాదం ముట్టుకుంటుంది. వెచ్చగా ఉంది. అరికాలిలో నాడి ఒక్కసారి కొడుతుంది. రెండోది రావడానికి చాలాకాలం పట్టేట్టుంది.

వానమ్మ వెళ్ళి ఆయన కింద నిలబడుతుంది. కదలకుండా, చెవులు కూడా ఆడించకుండా నిలబడుతుంది.

"నా ఒక్కదానితోని అయితలేదక్కా. వీపు మీద పడ్డా జారిపోతడు. నువ్వు గూడ ఎక్కు."

మణెమ్మ ఎన్నడూ గుర్రమెక్కలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బాట పక్కనున్న కంచె మీద కాలు పెట్టి, వానమ్మ మెడ పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కి, కొంగు రెండు చేతులా పరుస్తుంది.

ఇంత దగ్గరి నుంచి చూస్తే గాని తెలియని సంగతి ఒకటుంది. దిగే కొద్దీ ఆయన చిన్నవాడవుతున్నాడు. చొక్కా చేతులు అప్పటికే వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఉన్న ఒక్క బూటూ వదులై కింద పడుతుంది. బుగ్గలు పసివాడివిలా నున్నబడ్డాయి.

ముసలామె కొడవలి పక్కన పెట్టి లేచి నిలబడుతుంది.

వానమ్మ ఎన్నడూ ఈనలేదు. అయినా దాని పొదుగు చేపుకొస్తుంది. పాలు ఒక్కొక్క చుక్కే, కోసిన గడ్డి మీద పడుతున్నాయి. మణెమ్మ కొంగును ఇంకొంచెం వెడల్పుగా పడుతుంది.